నాలుగు మూలలా పసుపు

శనివారం పొద్దున్నే సుధాకరరావు హాల్లో నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చుని కార్డు కాగితాలు కత్తిరిస్తున్నాడు. కత్తిరిస్తున్నాడు అనడం మర్యాద కోసమే. పెన్సిలు గీత ఒకవైపు పోతుంటే ఆయన కత్తెర ఇంకోవైపు పోతోంది. చుట్టూ జిగురు సీసా, స్కేలు, వినాయకుడి స్టిక్కర్లు, ఇడ్లీలు తినేసిన పళ్ళెం. కిటికీలోంచి చూస్తే కింద సెంగ్‌కాంగ్ ట్రెయిన్ పిల్లల బొమ్మలా పోతోంది.

ఆ ఇంట్లో డిగ్రీ పాసయింది కూతురు తన్మయి కాదు. తన్మయి ఎప్పుడో పాసయి సైన్స్ పార్కులో ఉద్యోగం చేస్తోంది. పాసయింది ఆయన భార్య సత్యవాణి. యాభై మూడేళ్ళ మనిషి. ఇంటర్‌తో చదువు ఆగిపోయి, పెళ్ళయి, సింగపూర్ వచ్చి, తంజోంగ్ పగార్‌లో ఒక ఆఫీసు భవనం కింద ఉన్న పసిపిల్లల సెంటర్లో అసిస్టెంటుగా చేరింది. పగలంతా ఆ పిల్లలతో గడిపి, సాయంత్రం క్లాసులకి వెళ్ళి, అయిదేళ్ళకి బాల్యవిద్యలో పట్టా సంపాదించింది. ఇంకో తొమ్మిది రోజుల్లో, సోమవారం, పట్టా ఇచ్చే పండగ. దాని ముందు రోజు ఆదివారం నలుగురినీ పిలిచి భోజనం పెడదామని, అందుకు కార్డులు తనే చేస్తానని సుధాకరరావు పంతం పట్టాడు.

"నాన్నా, ఈ రోజుల్లో కార్డులు ఎవరిస్తారు? ఈ-కార్డ్ చేసి గ్రూపులో పడేస్తే ఫ్రీ లా," అంది తన్మయి సింగపూర్ యాసలో, సోఫాలో కాళ్ళు ముడుచుకుని.

"ఫ్రీగా వచ్చింది ఫ్రీగానే చూస్తారమ్మా. మీ అమ్మ డిగ్రీ ఏమన్నా గుడ్ మార్నింగ్ మెసేజా?"

"అయితే ప్రింట్ చేయించు."

"అడిగాను. ఆ షాపువాడు చెప్పిన రేటుకి మీ అమ్మ ఇంకో డిగ్రీ చదివేయొచ్చు."

కుర్చీలో కూర్చుని ఇదంతా చూస్తున్న కమలాదేవి కొడుకు చేతిలోని కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. "ఒరేయ్ సుధా, ఇది కార్డా, ఎలక కొరికిన రొట్టా? తిన్నగా కొయ్యరా."

"అమ్మా, ఇది చేతిపని. వంకర ఉంటేనే ఖరీదు."

వంటింట్లోంచి సత్యవాణి చేతులు తుడుచుకుంటూ వచ్చింది. "ఎందుకండీ ఈ హడావుడి, ఎవరన్నా చూస్తే నవ్వుతారు," అంది గానీ, అక్కణ్ణించి కదల్లేదు. ఒక కార్డు తీసి చూసింది, కింద పెట్టింది, మళ్ళీ తీసింది. ఆఖరికి ఎటో చూస్తూ అంది. "నా పేరు మాత్రం కాస్త పెద్దగా వెయ్యండి."

"ఎంత పెద్దగా? చాంగీ విమానాశ్రయం నుంచి కనపడాలా?"

"చదివేవాళ్ళకి కనపడితే చాలు."

ఆ మాట ఆవిడ నవ్వకుండా చెప్పింది. సుధాకరరావు అది గమనించలేదు. ఆయనకి పని దొరికింది. కార్డు లోపలి పేజీలో 'సత్యవాణి' అన్న పేరు బొటనవేలంత అక్షరాలతో వేశాడు. దాని కింద పట్టా సంగతి తెలుగులో ఒక ముక్క, ఇంగ్లీషులో ఒక ముక్క పెట్టేసరికి పేజీ నిండిపోయింది. భోజనం సంగతి ఎక్కడ పెట్టాలి? పైపేజీ మీద పెట్టాడు. ఆదివారం మధ్యాహ్నం, మా బ్లాకు కింద గోడల్లేని ఖాళీ చావడి, వాయిడ్ డెక్‌లో విందు, అందరూ రావాలి.

పైపేజీకి ఫోటో కావాలి. డిగ్రీ గౌను ఇంకా చేతికి రాలేదు. గౌను బొమ్మ మీద తల అతికిద్దామంది తన్మయి. "నేను వేసుకోని గౌను నా ఒంటి మీద ఎలా ఉంటుంది? వద్దు," అంది సత్యవాణి. ఫోన్లన్నీ వెతికితే ఆవిడ మనసారా నవ్విన ఫోటో ఒక్కటే దొరికింది, పాతికేళ్ళ పెళ్ళిరోజుది. మొగుడూ పెళ్ళాలిద్దరూ దండలు వేసుకుని నిలబడ్డారు. సుధాకరరావు తనని తాను కత్తిరించుకుందామని చూశాడు. మొహం పోయింది గానీ భార్య భుజం మీద వేసిన చెయ్యి పోలేదు.

"ఈ చెయ్యి ఎవరిదో అని ఊరంతా అడుగుతారు," అన్నాడు. సరే, ఇద్దర్నీ ఉంచేశాడు.

ఇంకేముంది, అయిపోయింది అనుకుంటుండగా కమలాదేవి కుంకుమ భరిణె పక్కనున్న పసుపు డబ్బా తెమ్మంది. "శుభం కబురుకి పసుపు లేకపోతే ఎలారా? కార్డు బోసిగా ఉండకూడదు," అంటూ తడి పసుపులో వేలు ముంచి, ఒక్కో కార్డుకి నాలుగు మూలలా రాసింది.

"నానమ్మా, కర్రీ మరకలా ఉంది!" అంది తన్మయి.

"నీ పెళ్ళి కార్డుకీ ఇలాగే రాస్తాను, అప్పుడు చెప్పు కర్రీయో కాదో."

సుధాకరరావు ఒక కార్డు ఎత్తి పట్టుకుని వెలుతుర్లో చూసుకున్నాడు. వినాయకుడు, దండల జంట, విందు, పసుపు. భలే కుదిరిందని తన వీపు తనే తట్టుకున్నాడు.

మర్నాడు సెరంగూన్ రోడ్డు పెరుమాళ్ గుడి దగ్గర తెలిసినవాళ్ళందరికీ చేతికిచ్చాడు. సీతారామారావు గారికి ముందు ఇచ్చాడు, ఎందుకంటే ఆయన అక్కడి తెలుగువాళ్ళలో పెద్దమనిషి. రిటైరైన బ్యాంకు ఆఫీసరు. ఏ ఇంట్లో ఏ ముహూర్తమైనా ఆయన లేనిదే కొబ్బరికాయ పగలదు. ఆయన కార్డుని చూసి, మూల పసుపు చూసి, సుధాకరరావు బట్టతల చూసి, "ఓహో! అప్పుడేనా! దాచావే!" అని గట్టిగా కావలించుకున్నాడు. కార్డు మడత విప్పకుండానే జేబులో పెట్టుకున్నాడు.

పెద్దాయన ఇంత సంతోషపడ్డాడేమిటా అని సుధాకరరావుకి కాస్త ఆశ్చర్యమేసింది. భార్య డిగ్రీ అంటే ఇంత గౌరవమా అని మురిసిపోయి ట్రెయినెక్కాడు.

సోమవారం పాయా లేబర్‌లో తన ఆఫీసులో లంచ్ టైములో, పక్క సెక్షన్లో పనిచేసే తిరుమలేష్ కాఫీ కప్పుతో వచ్చి ఎదురుగా కూర్చున్నాడు.

"అన్నా, ఇంకా పిల్లగాడివే అనుకుంటున్న నిన్ను. గంత వయసయిందా?"

"నాదేముంది తమ్ముడూ, అంతా మీ వదిన పట్టుదల."

"పట్టుదలనే మరి! ఇన్నేండ్లు నీతోని వేగి, మళ్ళ నీతోనే తాళి కట్టించుకునుడంటే మాటలా? వదినకి దండం పెట్టాలె."

"తాళేమిట్రా?"

"చాలు తియ్యే నీ యాక్టింగు. మా ఆవిడ ఆల్రెడీ పట్టుచీర తీసింది."

సుధాకరరావుకి ఏమీ అర్థం కాలేదు. తను రోజూ అందర్నీ ఆటపట్టిస్తాడు కదా, ఈరోజు వీడికి ఛాన్సు దొరికినట్టుంది అనుకుని వదిలేశాడు. సాయంత్రం ఇంటికి పోతుంటే ఇంకో ఫోను. ఎవరో ఆవిడ. "అన్నయ్యగారూ, మీకు జరీ అంచు పంచె తేనా, మామూలుది తేనా?" పంచె ఎందుకమ్మా అంటే కిలకిలా నవ్వి పెట్టేసింది. ఆ తర్వాత మరో ఫోను. "ఏం బావగారూ, హనీమూన్ బాలీకా, బాతమ్‌కా?"

బుర్ర తిరిగిపోయి ఇంటికొచ్చి చెప్పులు విప్పుతుంటే తన్మయి ఫోను పట్టుకుని గుమ్మంలోనే నిలబడింది.

"నాన్నా, యూ సీ దిస్. వాట్ ఈజ్ షష్టిపూర్తి?"

గ్రూపులో సీతారామారావు గారు కార్డు పైపేజీ ఫోటో తీసి పెట్టాడు. కింద రాశాడు. 'మన సుధాకరరావుకి అరవై నిండాయి. ఆదివారం షష్టిపూర్తి. పురోహితుణ్ణి నేను మాట్లాడాను. అందరూ రావాలి.' దాని కింద బారెడు దండాలు, పువ్వుల బొమ్మలు.

"నాకు యాభై ఎనిమిదే!" అన్నాడు సుధాకరరావు. ఆ క్షణంలో ఆయనకి తోచింది అదొక్కటే.

"అమ్మ పేరు ఎక్కడా లేదు నాన్నా."

అప్పుడు చూశాడు. దండల జంట, పసుపు, విందు. ఇంకెవరికైనా ఇంకేం అనిపిస్తుంది? లోపలి పేజీ ఎవరూ విప్పి చూసినట్టు లేరు. వెంటనే సీతారామారావుకి ఫోను చేశాడు.

"సీతారామారావు గారూ, పొరపాటు పడ్డారండి. అది నా అరవై కాదు. మా ఆవిడ డిగ్రీ పాసయింది. అందుకు భోజనం."

అవతల ఆయన నవ్వి నవ్వి దగ్గు తెచ్చుకున్నాడు. "ఈ వయసులో గ్రాడ్యుయేషనా! చచ్చిపోతున్నానయ్యా. పోయిన పిక్నిక్‌కి బస్సు రద్దయిందని చెప్పి అందర్నీ ఎండలో పరిగెత్తించావు. ఈసారి నేను పడను. పంచె ఎర్రంచుది తెస్తున్నాను, సరేనా?"

ఇంకొకళ్ళకి చేశాడు. వాళ్ళూ నవ్వారు. మూడో ఆయన నవ్వాక ఒక మాట కూడా అన్నాడు. "పిల్లల ముక్కులు తుడవడానికి డిగ్రీ ఏమిటి సుధాకర్ గారూ? మీరేగా చెప్పేవారు, రంగు పెన్సిళ్ళు చెక్కడంలో మా ఆవిడకి పట్టా వస్తుందని!"

సుధాకరరావు ఫోను పెట్టేశాడు. ఆ మాట తనదే. ఏ పుట్టినరోజు పార్టీలోనో అని ఉంటాడు. ఒకసారి కాదు, చాలాసార్లు. అందరూ పగలబడి నవ్వితే సత్యవాణి కూడా నవ్వేది. నవ్వేదా? ఆయనకి ఇప్పుడు గుర్తు చేసుకుందామంటే ఆవిడ మొహం గుర్తు రావట్లేదు.

ఇంకెవరికీ చేయలేదు. చెప్తే నవ్వుతారు, నవ్వితే ఆవిడకి తెలుస్తుంది. ఈ నవ్వు ఆవిడ చెవిన పడకుండా చూడటమే మంచిది అనుకున్నాడు. ఆదివారానికి ఎలాగో సర్దుకుంటుంది అనుకున్నాడు. ఎలా సర్దుకుంటుందో మాత్రం ఆయనకే తెలీదు. "మీ అమ్మకి చెప్పకు, నేను చూసుకుంటాను," అని కూతురితో అన్నాడు.

"చూసుకోవడం అంటే ఏం చేస్తావు?"

"అదే చూస్తున్నాను."

రోజులు గడిచిపోతున్నాయి గానీ ఆయనకి దారి కనపడలేదు. సత్యవాణి రోజూ సెంటర్ నుంచి రాగానే అడిగేది. "ఎవరన్నా ఏమన్నా అన్నారా కార్డు గురించి?" "అందరూ సంతోషించారు," అనేవాడు. అది అబద్ధం కాదు. ఆవిడ మొహం వెలిగేది. సిగ్గుపడుతూ చీరలు తీసి చూసుకునేది.

గురువారం సాయంత్రం తలుపు కొట్టారు. సీతారామారావు, ఆయన భార్య లోపలికొచ్చారు. చేతుల్లో పట్టుబట్టల పెట్టె, పూలదండలకి బయానా ఇచ్చిన చీటీ. సుధాకరరావు నోరు తెరిచేలోగా వెనకాలే లిఫ్టులోంచి సత్యవాణి వచ్చింది. భుజాన హ్యాండు బ్యాగు, చేతిలో కొత్త గౌను ఉన్న సంచి. ఆరోజే తెచ్చుకుంది.

"రావమ్మా పెళ్ళికూతురా!" అన్నాడు సీతారామారావు.

సత్యవాణి నవ్వింది, అర్థం కాక. "పెళ్ళికూతురేమిటి అన్నయ్యగారూ?"

"మళ్ళీ తాళి కట్టించుకునేవాళ్ళని ఇంకేమంటారు? శాస్త్రి గారు కలశాలకి రాగి చెంబులు అడిగారు. మీ ఇంట్లో ఉన్నాయా, మా ఇంట్లోవి తెమ్మంటారా?"

"ఎవరి తాళి?"

"చూడు, ఈవిడ కూడా యాక్టింగే! మొగుడికి తగ్గ పెళ్ళాం."

సత్యవాణి మొగుడి వైపు చూసింది. మొగుడు ఫ్యాను వైపు చూశాడు. ఆవిడ వచ్చినవాళ్ళకి కాఫీ ఇచ్చింది, రాగి చెంబులు ఉన్నాయని చెప్పింది, లిఫ్టు దాకా వెళ్ళి సాగనంపింది. తలుపు మూసి వచ్చి సోఫాలో కూర్చుంది. గౌను సంచి ఒళ్ళోనే ఉంది.

"ఏం జరిగిందో చెప్పండి," అంది.

సుధాకరరావు చెప్పాడు. చెప్తున్నప్పుడు మధ్యలో అలవాటుగా ఒక జోకు వేయబోయి, ఆవిడ మొహం చూసి మింగేశాడు.

"మీరు వాళ్ళకి నిజం చెప్పారా?"

"చెప్పాను. నవ్వారు."

"నవ్వితే?"

"ఊరుకున్నాను."

"ఎందుకు ఊరుకున్నారు?"

"నిన్ను చూసి నవ్వుతారని..."

"నన్ను చూసి నవ్వడం వాళ్ళకి ఎవరు నేర్పారు?" సత్యవాణి గొంతు పెంచలేదు. "క్లాసుకి వెళ్ళేటప్పుడు 'పలక మర్చిపోకు' అనేవారు. పరీక్ష ముందు రోజు నా పుస్తకం ఫ్రిజ్‌లో దాచారు. నవ్వాను. నలుగురిలో రంగు పెన్సిళ్ళన్నారు. నవ్వాను. మొగుడు సరదా మనిషి కదా అని నవ్వాను. ఒక్కటే అడిగాను నేను, నా పేరు కనపడాలని. పెళ్ళి కార్డుల్లో నేను శ్రీమతి సుధాకరరావుని. సెంటర్లో సత్యా ఆంటీని. ఈ ఒక్కసారైనా నా పేరు కనపడుతుందనుకున్నాను. అదీ మీ అరవై కింద పోయింది. నిండని అరవై కింద!"

"అది కాదు వాణీ..."

"ఏది కాదు?"

ఏది కాదో ఆయనకి తెలిస్తే కదా. తను భార్యని కాపాడాననుకున్నాడు. లేక తనే సిగ్గుపడ్డాడా? డిగ్రీ లేని మొగుడు, డిగ్రీ ఉన్న పెళ్ళాం అని లోపలెక్కడో గుచ్చుకుందా? అందుకే అయిదేళ్ళూ అన్ని జోకులా? ఏ ముడి విప్పబోయినా ఇంకోటి పడుతోంది. కమలాదేవి కుర్చీలో కళ్ళు మూసుకుంది. తన్మయి గోడకి ఆనుకుని గోళ్ళు కొరుకుతోంది.

అప్పుడే మళ్ళీ తలుపు చప్పుడు. పక్క ఫ్లాటు సఫియా, చేతిలో ఆప్రికాట్ల తీపి, ఖుబానీ కా మీఠా గిన్నె. వాళ్ళది హైదరాబాదు. ఆవిడ భర్త అబ్దుల్ ఖాదిర్‌కి సుధాకరరావు అంతకుముందే లిఫ్టులో ఒక కార్డు ఇచ్చాడు.

"సత్యక్కా, ముబారక్! డిగ్రీ పాసయిన్రంట! నాకెందుకు చెప్పలే?"

సత్యవాణి లేచి నిలబడింది. "నీకెలా తెలిసింది?"

"కార్డుల రాసుంది కదక్కా. తెరిచి చదివిన. తెలుగు నాకు కూడబలుక్కుంట వస్తది గానీ, నీ పేరు గబుక్కున చదివేసిన. గంత పెద్దగుంది మరి! మా బిడ్డ నిదాకి కూడా చూపెట్టిన, చూడు బేటా, ఆంటీ ఈ వయసుల చదివింది, నీకేం రోగం అని."

సత్యవాణి ఆ గిన్నె అందుకుంది. అందుకుని, గిన్నె పట్టుకునే ఏడ్చేసింది. సఫియా కంగారుపడి "ఏమైందక్కా, నేనేమన్న తప్పు మాట్లాడిన్నా?" అంటూ సుధాకరరావు వంక చూసింది.

సఫియా వెళ్ళాక సత్యవాణి మొహం కడుక్కొచ్చింది. "ఆదివారం మీరు మీ అరవై చేసుకోండి. నేను కిందికి రాను. సోమవారం పట్టా తీసుకోవడానికి నేనొక్కదాన్నే వెళ్తాను. ఎవరూ రావొద్దు." గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది.

సుధాకరరావు నేల మీదే కూలబడ్డాడు. కాసేపటికి తన్మయి పక్కన కూర్చుంది.

"నాన్నా, నువ్వు వాళ్ళకి ఫోన్లో ఎలా చెప్పావు?"

"ఎలా ఏమిటి, చెప్పాను."

"నీ వాయిస్ ఎప్పుడూ జోక్ చెప్పేలాగే ఉంటుంది. నాకు కూడా తెలీదు, నువ్వు ఎప్పుడు సీరియస్సో. చిన్నప్పుడు తాతయ్య పోయాడని నువ్వు చెప్తే నేను నవ్వాను. గుర్తుందా?"

గుర్తుంది. ఆయన తల వంచుకున్నాడు.

"అందరికీ మళ్ళీ మెసేజ్ పెట్టనా?" అంది తన్మయి.

"వద్దు. నేనే చెప్పాలి. నవ్వినా సరే, నవ్వు ఆగేదాకా నిలబడి చెప్పాలి."

ఆదివారం మధ్యాహ్నం వాయిడ్ డెక్ నిండిపోయింది. ప్లాస్టిక్ కుర్చీలు, స్టాండు ఫ్యాన్లు, పులిహోర, బూరెలు, ఒక పక్క శాస్త్రి గారి కలశాలు. సీతారామారావు రెండు కుర్చీలకి పట్టుబట్ట కప్పి, రెండు మల్లెదండలు సిద్ధంగా పెట్టాడు. పైన ఫ్లాటులో సత్యవాణి బయటికి రాలేదు. కమలాదేవి కర్ర పట్టుకుని గది ముందు నిలబడి పిలిచింది.

"అమ్మాయ్, నీ మొగుడి కోసం రావద్దు. నాకు లిఫ్టు భయం, నన్ను దింపు."

"తన్మయిని పంపిస్తానత్తయ్యా."

"అది ఫోన్లో ఉంటుంది, నేను లిఫ్టులో ఇరుక్కుంటాను. నువ్వే రా."

అత్తగారి చెయ్యి పట్టుకుని సత్యవాణి కిందికొచ్చింది. మామూలు నేత చీరలోనే ఉంది. వచ్చి ఒక స్తంభం పక్కన ఆగిపోయింది. ఆవిణ్ణి చూడగానే అందరూ చప్పట్లు. "వదినా, కుర్చీలోకి!" "తలంబ్రాలు ఎవరు తెచ్చారు?" శాస్త్రి గారు గొంతు సవరించుకున్నారు.

సుధాకరరావు కుర్చీల ముందుకొచ్చి చెయ్యెత్తాడు.

"ఒక్క నిమిషం. ఇవాళ నాకు అరవై కాదు. నాకు యాభై ఎనిమిది."

గొల్లుమన్నారు. "మొదలుపెట్టాడు!" "ఆధార్ కార్డు చూపించు అన్నా!" అని తిరుమలేష్ అరిచాడు.

సుధాకరరావు నవ్వలేదు. చేతులు ఏం చెయ్యాలో తెలియక చొక్కా గుండీ పట్టుకుని నిలబడ్డాడు. నవ్వు తగ్గింది. తర్వాతి జోకు కోసం అందరూ ఎదురు చూస్తున్నారు. ఆయన దగ్గర లేదు. ఎవరో "ఊఁ, చెప్పు" అన్నారు.

"సీతారామారావు గారూ, ఆ కార్డు మీ దగ్గరుందా?"

"జేబులోనే ఉందయ్యా."

"తెరిచి లోపలిది చదవండి. గట్టిగా."

పెద్దాయన కళ్ళజోడు పెట్టుకుని, ఇది కొత్త రకం హాస్యమేమోనని నవ్వు మొహంతోనే కార్డు తెరిచాడు. "సత్యవాణి," అని చదివాడు. ఆగాడు. "మా ఇంటి ఇల్లాలు సత్యవాణి, అయిదేళ్ళు పని చేసుకుంటూ చదివి, బాల్యవిద్యలో డిగ్రీ పట్టా పుచ్చుకుంటున్న సందర్భంగా..." చదువుతుంటే ఆయన మొహంలో నవ్వు కొంచెం కొంచెంగా దిగిపోయింది. కార్డుని వెనక్కీ ముందుకీ తిప్పి చూశాడు. "ఇది... ఇది నిజమేనా సుధాకర్?"

"నిజమేనండి. మీరు నమ్మకపోవడం మీ తప్పు కాదు. నేనే ఇన్నాళ్ళూ..." కళ్ళు తుడుచుకుందామంటే రుమాలు దొరకలేదు, చొక్కా చేత్తో తుడుచుకున్నాడు. "రంగు పెన్సిళ్ళ జోకు నాదే. ముక్కులు తుడిచే జోకూ నాదే. మీకు నేనే నేర్పాను. ఆవిడ ఏం చదివిందో ఒక్క రోజు కూర్చుని అడగలేదు నేను. సెంటర్లో పిల్లలు పడుకున్నాక చదివింది, ట్రెయిన్లో నిలబడి చదివింది, ఇంటికొచ్చి వంట చేసి చదివింది. నేను పుస్తకం ఫ్రిజ్‌లో దాచాను. చల్లటి పుస్తకాన్ని తుడుచుకుని చదివింది. ఆ పరీక్షలోనూ పాసయింది." ఇంకేం చెప్పాలో తెలియలేదు. "అంతే. జోకు లేదు. అయిపోయింది."

ఇంతలో శాస్త్రి గారు చిన్నగా సీతారామారావు చెవి దగ్గర అడిగారు గానీ అందరికీ వినపడింది. "మరి దీనికి ఏ విధానం చెయ్యాలండీ? ఇల్లాలు పట్టా పుచ్చుకుంటే చేసే క్రతువు నేనెక్కడా చూడలేదు."

"ఆశీర్వచనం చదవండి శాస్త్రి గారూ," అంది కమలాదేవి. "దానికి వేరే కారణం అక్కర్లేదు." కర్ర పక్కన పెట్టి, అక్షతలు పిడికిట్లోకి తీసుకుని, స్తంభం దగ్గరికి నడిచింది. "నేను మూడో క్లాసు దాకే చదివానమ్మా. నా కొడుకు చదువు దాకే చాలనుకున్నాను. నీ చదువు చూసి నోరు తెరిచి ఒక్క మంచి మాట అనలేదు, ఎలా అనాలో తెలియక. ఇదిగో, ఇప్పుడంటున్నాను." అక్షతలు కోడలి తల మీద వేసింది. కోడలు వంగి కాళ్ళకి దండం పెట్టబోతే పట్టుకుని లేపి, తన పమిట చెంగుతో కోడలి కళ్ళు తుడిచింది.

సీతారామారావు భార్య ముందుకొచ్చింది. చేతిలో పట్టుబట్టల పెట్టె ఎలా పట్టుకోవాలో తెలియనట్టు పట్టుకుని, "వదినా," అంది మెల్లగా. "నేను బీకాం మధ్యలో ఆపేశాను. నాకు యాభై ఆరు. ఇప్పుడు... ఇప్పుడు చేర్చుకుంటారా?"

"ఎందుకు చేర్చుకోరు? నాతో పాటు అరవై రెండేళ్ళ ఆవిడ చదివింది. రండి, చెప్తాను," అని సత్యవాణి ఆవిణ్ణి కుర్చీలో కూర్చోబెట్టింది. పట్టుబట్ట కప్పిన కుర్చీలోనే. ఇంకో కుర్చీలో తను కూర్చుంది. చుట్టూ ఆడవాళ్ళు చేరారు. ఫీజు ఎంత, క్లాసులు ఎప్పుడు, ఇంగ్లీషు ఎంత రావాలి అని ఒకటే ప్రశ్నలు. సఫియా బిర్యానీ గిన్నె తెచ్చి వాళ్ళ మధ్యలో పెట్టి తనూ కూర్చుంది.

మగవాళ్ళు పులిహోర దగ్గర నిలబడ్డారు. తిరుమలేష్ వచ్చి సుధాకరరావు భుజం మీద చెయ్యి వేశాడు. సుధాకరరావు తన పెళ్ళాం వైపు చూస్తున్నాడు. ఆవిడ చేతులు తిప్పుతూ ఏదో వివరిస్తోంది, ఎదుటివాళ్ళు తలలూపుతున్నారు. ఆవిడ ఇలా మాట్లాడగలదని ఆయనకి తెలీదు. ముప్పై ఏళ్ళు ఒకే ఇంట్లో ఉన్నాడు. తన దగ్గరికి ఎవరూ రావట్లేదు, ఎవరూ జోకు అడగట్లేదు. వెళ్ళాలా, ఇక్కడే ఉండాలా, ఏమీ తోచక ఒక బూరె తీసుకుని, తినకుండా పట్టుకున్నాడు.

"ఫోటో!" అని అరిచింది తన్మయి. "అమ్మా, గౌను పైనుంచి తెచ్చాను. వేసుకో. రేపటికి ట్రయల్."

సత్యవాణి నేత చీర మీదే గౌను వేసుకుంది. టోపీ కాస్త పక్కకి జారితే కమలాదేవి సర్దింది. అందరూ ఫోన్లు ఎత్తారు. అప్పుడు సత్యవాణి మనుషుల మధ్యలోంచి వెతికి చూసింది.

"ఏవండీ, ఇటు రండి."

సుధాకరరావు బూరె ఎక్కడ పెట్టాలో తెలియక జేబులో పెట్టుకుని వచ్చాడు. ఆవిడ పక్కన నిలబడబోయి ఆగాడు. "నేనుండాలా?"

"ఉండండి. కాకపోతే ఈసారి కాస్త వెనక్కి నిలబడండి. చెయ్యి కూడా నా భుజం మీద వెయ్యకండి." సత్యవాణి అందరి వైపూ తిరిగి, ఒక్క క్షణం ఆగి, అంది. "మళ్ళీ రేపు ఎవరన్నా ఈ ఫోటో చూసి, సుధాకరరావు గారు ఎనభై నిండాక డిగ్రీ పాసయ్యారనుకుంటారు."

వాయిడ్ డెక్ అదిరిపోయింది. సీతారామారావు కళ్ళజోడు తీసి కళ్ళు తుడుచుకున్నాడు, శాస్త్రి గారు కలశం పట్టుకుని నవ్వారు. అందరికంటే ఎక్కువ సుధాకరరావే నవ్వాడు. ఎప్పుడు నవ్వు ఆగి ఏడుపు మొదలయిందో ఆయనకీ తెలియలేదు.

"రేపు పట్టాకి రెండు టికెట్లున్నాయి," అంది సత్యవాణి గౌను సర్దుకుంటూ, ఆయన వైపు తిరగకుండానే. "పొద్దున్నే లేవండి."